బొమ్మల గదికి తాళం

కుర్చీ ఎత్తు మారింది. కూర్చోగానే నా మడమలు నేలకు ఆనలేదు. నేనే మర్చిపోయి ఉంటాననుకుని మీట నొక్కి కిందికి దించుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అంతే. మూడో రోజుకు అనుమానం గట్టిపడింది. నేను ఇంట్లో లేనప్పుడు నా గదిలో ఎవరో కూర్చుంటున్నారు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. థర్మల్ కేంద్రంలో షిఫ్టులకు వెళ్ళే మా ఆయన, బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మా మామ, నేను. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా దగ్గరలోని స్కూల్లో డ్రాయింగ్ చెప్పి వస్తాను. మిగతా రోజంతా బొమ్మల పనే. మహారాష్ట్రలోనే, రాజురా పక్క పల్లె నుంచి చంద్రపూర్‌కు కాపురానికి వచ్చిన ఏడేళ్ళూ ఆ పని భోజనాల బల్ల మీదే సాగింది. ఒకసారి దాదాపు పూర్తయిన నెమలి మీద పప్పు ఒలికింది. పసుపు మరక ఎంత చేసినా పోలేదు. ఆ రోజే మా ఆయన అన్నాడు, "ఎనక రూం తీస్కో. బాపును హాల్లకు మారమంటా."

వెనక గది మామది. ఆయన మంచం, ఇనుప పెట్టె అందులోనే ఉండేవి. అడిగితే క్షణం కూడా ఆలోచించలేదు.

"తీస్కో బిడ్డా. నాకు హాల్ల గాలి మంచిగొస్తది."

మనిషి అంత తేలిగ్గా ఇచ్చేశాడంటే లోపల ఏదో ఉందనుకున్నాను. నా స్వభావమే అంత. కూరగాయలామె అడక్కుండా కొత్తిమీర కట్ట వేస్తే, ఇంటికొచ్చి టమాటాలు ఒక్కొక్కటీ తిప్పి చూస్తాను.

ఆ గదిని నాకు కావలసినట్టు చేసుకోవడానికి నెల పట్టింది. కిటికీ ఉత్తరానికి ఉంది. ఎండ నేరుగా పడదు, పొద్దంతా ఒకే తీరు వెలుతురు. అయితే మా ఊళ్ళో కిటికీ తెరిస్తే వెలుతురొక్కటే లోపలికి రాదు. పూటకోసారి తుడిచినా సన్నటి నల్ల దుమ్ము పేరుకుంటుంది. అందుకని రెక్కల అంచులకు రబ్బరు పట్టీలు వేయించి, కిటికీ ఎప్పుడూ మూసే ఉంచాలని నిర్ణయించుకున్నాను. మరాఠీ వడ్రంగి ఒకాయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నేల నుంచి నా మోచేతి దాకా కొలిచి, పైపలక ఏటవాలుగా లేపుకునే బల్ల చేశాడు. తెల్ల గోడ కళ్ళకు కొడుతుందని లేత బూడిదరంగు వేయించాను. నడుముకు సరిగ్గా ఆనే కుర్చీ కోసం రెండు వారాలు దుకాణాలు తిరిగాను. తలుపు వేసుకుని కూర్చున్న మొదటి రోజు, ఒక్క పిలుపు కూడా వినకుండా మూడు గంటలు గీశాను. పెళ్ళయ్యాక అలాంటి మూడు గంటలు నాకు అదే మొదలు.

అలాంటి గదిలోకి నాకు తెలియకుండా ఎవరో వస్తున్నారు. కుర్చీ ఒక్కటే కాదు, కిటికీ జానెడు తెరిచి ఉంటోంది. మా ఆయన ఆ వారమంతా పొద్దుటి షిఫ్టు. ఇక మిగిలింది మామ.

"మామా, నా రూంలకు గిట్ల పోయిండ్రా?" అని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"నీ రూంల నాకేం పని?" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆయన అబద్ధం చెప్తున్నాడని నాకు తెలుసు. ఎందుకన్నదే తెలియదు. భయపడటానికి నాకో కారణముంది. అప్పుడు నేను వేస్తున్న పుస్తకంలో ఒక చిరాకు ఎలుగుబంటి ఉంది. ఎవరు వచ్చినా గుహలోంచి గసురుతుంది. దానికి నాకు తెలియకుండానే మామ ముక్కు వచ్చింది, మెడకు ఆయన మఫ్లర్ వచ్చింది. తెలియకుండానే అన్నది నిజం కాదు. తెలిసే వేశాను.

మర్నాడు స్కూలుకు వెళ్ళేముందు బల్ల తుడవలేదు. కాగితాలన్నీ సొరుగులో పెట్టి, ముందురోజు కిటికీ తెరిచి ఉన్నప్పుడు పడిన దుమ్మును అలాగే వదిలేసి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే బల్ల మీద రెండు మోచేతుల నుంచి మణికట్ల దాకా పొడుగ్గా ముద్రలు, వాటి మధ్య గుండ్రంగా దుమ్ము చెరిగిన చోటు. బల్ల మీదికి పూర్తిగా వంగి కూర్చున్న మనిషి ముద్రలవి. సొరుగు తీసి, నా బొమ్మలు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి, మళ్ళీ ఎక్కడివక్కడ సర్దేశాడనుకున్నాను. ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే తాళం కొని వేశాను. తాళంచెవి నా పర్సులోకి పోయింది.

మామ మాతో కలిసి తినడం మానేశాడు. "మీరు తినుండ్రి, నాకు ఆకలైతలేదు" అనేవాడు. రెండు రోజుల తర్వాత బట్టలు ఆరేస్తుంటే, గోడ అవతల ఆయన ఫోన్లో మాట్లాడటం వినపడింది. అవతల ఉన్నది గడ్‌చాందూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలో చేసే మా బావగారు.

"కోడలు రూంకు తాళమేసింది... అరే, నువ్వేం అడగకు. నేనే ఒస్త, కొన్ని రోజులుంట."

నా మీద చాడీలు చెప్తున్నాడనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పాను.

"ముసలోడు. జర్రసేపు కూసుంటే ఏమైతది?" అన్నాడు.

"కూసుంటే ఏం కాదు. కూసోలేదని అబద్ధమాడితే అయితది. మీ అన్నకు ఫోన్ చేసి నన్ను బద్నాం చేస్తుండు."

మా ఆయన పళ్ళెం తీసుకుని లేచిపోయాడు. ఆ వారం నేను ఒక్క మంచి బొమ్మ వేయలేదు. అన్నీ కుదిరిన గదిలో కూర్చుని, తలుపు అవతల ఏం జరుగుతోందోనని చెవి అటే పెట్టేదాన్ని.

తర్వాతి సోమవారం పరీక్షలని పిల్లల్ని ముందే వదిలేశారు. పన్నెండు కాకముందే ఇంటికొచ్చాను. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. చప్పుడు కాకుండా తోశాను. పట్టుకుందామనే తోశాను, ఆ మాట దాచను.

మామ భోజనాల బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద దిండు. రెండు చేతులూ మోచేతుల దాకా బల్లకు ఆనించి, నుదురు దిండు మీద పెట్టుకున్నాడు. పక్క కిటికీ బార్లా తెరిచి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు చెవుల దాకా లేచి, దిగుతున్నాయి. లోపల సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. నా బల్ల మీది ముద్రలు అవే. ఆయన బొమ్మలు చూడలేదు. ఊపిరి కోసం వంగాడు.

"మామా."

తలెత్తి, దొంగతనం చేస్తూ దొరికినట్టు చూశాడు. నీళ్ళు తెచ్చిచ్చాను. గుక్కెడు తాగి, ఊపిరి అందాక మాట్లాడాడు.

"పండుకుంటే ఛాతి మీద బండ పెట్టినట్టైతది. నీ కుర్చీల ముందలికి ఒరిగి కూసుంటే జర్ర నయమైతుండె."

"ఎన్ని రోజులసంది?"

"దసరా నుంచి."

"మరి చెప్పద్దా? నేనడిగితే గూడ లేదంటిరి."

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "రూం అడిగిండ్రు, ఇచ్చిన. బీమారని తెలిస్తే ఈయనతోని మాకు కాదు, పెద్దోని దగ్గరికి పంపుదమంటరేమో అనుకున్న. నువ్వు తాళమేసినంక అదే ఖాయమైంది. మీరు పంపకముందే నేనే పోదామని ఫోన్ చేసిన."

తాళం ఎందుకు వేశానో నేను చెప్పలేదు. ఎలా చెప్పను? నా బొమ్మలు చూస్తున్నాడని నేను అనుమానించిన రోజుల్లో, ఆయన గది గోడలకు నేను వేయించిన రంగును, కొత్త బల్లను, తాళాన్ని, ఒకదాని తర్వాత ఒకటిగా తనను బయటికి నెట్టే మెట్లుగా లెక్కపెట్టుకున్నాడు.

సాయంత్రం మా ఆయన రాగానే ముగ్గురం ఆటోలో ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసింది. ఊపిరితిత్తులు బాగా బలహీనపడ్డాయని, ఇన్‌హేలర్ రోజూ రెండు పూటలా పీల్చాలని, బీడీ ఇక ముట్టకూడదని, దుమ్ముకు దూరంగా ఉంచమని మరాఠీలో చెప్పింది. ఇంట్లో దుమ్ము రాని చోటు ఒక్కటే. ఆ గదిలో ఆయన మంచం మళ్ళీ గోడ వారగా చేరింది. బల్ల కిటికీ వైపు ఇంకాస్త జరిగింది. కుర్చీ పొద్దున ఆయనది, మధ్యాహ్నం నాది. తాళం తీసేశాను.

అంతటితో ఒకరినొకరం నమ్మేశామని చెప్పలేను. ఆయనకు ఇన్‌హేలర్ మీద అనుమానం. "ఇది అలవాటైతే ఒదలదట. మందులోళ్ళ ఆట" అంటూ, నా ఎదుట పీల్చినట్టు నటిస్తాడు. నేను గీస్తూనే ఓరకంట చూస్తుంటాను. మొన్న గదిలోకి రాగానే పొగ వాసన తగిలింది. "పక్కింటోళ్ళది" అన్నాడు. దిండు సర్దే నెపంతో ఎత్తితే కింద అగ్గిపెట్టె ఉంది.

"ఇదేంది మామా?"

"దేవునికి దీపం పెట్టనీకి."

మా ఇంట్లో దీపం పెట్టేది నేను. ఆయన మొహంలోకి చూశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని, కాస్త ఎత్తుగా. నేను మంచం కింద, ఇనుప పెట్టె వెనక, ఆయన కోటు జేబుల్లో బీడీ కట్ట కోసం వెతికాను. దొరకలేదు.