నిప్పు సోకని తిండి

కుంఠా నాకా దగ్గరి సైజింగ్ కార్ఖానాలో సిద్ధరాములు ఇరవై ఎనిమిదేళ్లుగా గంజి వండుతున్నాడు. మనుషులు తాగే గంజి కాదు, నూలుకు పట్టించే గంజి. గంజి పెట్టని నూలును మగ్గం ఎక్కిస్తే గడియకోసారి తెగుతుంది. పిండిని నీళ్లలో కలిపి, ఆవిరి మీద ఉడికించి, పోగులకు తాపితేనే అది మగ్గం దెబ్బలకు ఓర్చుకుంటుంది. ఉడికిందో లేదో తెలియడానికి అతనికి మీటర్లు అక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క రాసి చూసి, ఇంకో రెండు నిమిషాలు అంటే అంతే, సేఠ్ కూడా మారు మాట్లాడడు. అలాంటి మనిషి ఆడపిల్లల చేత పచ్చితిండి తినిపించాడంటే అతను ఉండే నీలం నగర్‌లో ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. నవ్వాల్సిన పనే చేశాడు మరి.

పొద్దున్నే కార్ఖానాకు వెళ్లేముందు అతను మైదానంలో ఆడపిల్లలకు పరుగు నేర్పుతాడు. అందరూ మగ్గాల ఇళ్లలోని పిల్లలే. పైసా తీసుకోడు. కుర్రతనంలో తనూ పరుగెత్తాడు గానీ జిల్లా దాటలేదు. బూట్లు లేక దాటలేదని పిల్లలకు చెబుతుంటాడు. కాళ్లలో అంత వేగం లేకనే దాటలేదని అతనికీ తెలుసు. ఎవరైనా ఒక్క పిల్ల తన చేతుల మీదుగా రాష్ట్ర పోటీల దాకా వెళ్లాలన్నది పదిహేనేళ్ల కోరిక. పిల్లలు అతన్ని కాకా అంటారు, అతను ఏం చెబితే అది చేస్తారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

రెండేళ్ల కిందట పొట్ట పెరిగిందనీ, షుగర్ అంచుల్లో ఉందనీ డాక్టర్ భయపెట్టాడు. ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఎవరో బాబా లాంటి మనిషి, వండిన తిండి చచ్చిన తిండి అని చెప్పడం విన్నాడు. మూడు నెలలు మొలకలు, కాయలు, పండ్లు తిన్నాడు. పొట్ట తగ్గింది, మోకాలి నొప్పి పోయింది. ఇక ఆ తిండిని వదల్లేదు, అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. తన యాభై మూడేళ్ల పొట్టకు సరిపడింది పదహారేళ్ల పిల్ల కాళ్లకు కూడా సరిపడుతుందని ఎలా అనుకున్నావని ఇప్పుడడిగితే తల వంచుకుంటాడు. అప్పుడు మాత్రం జవాబులకు కొదవ లేదు.

"జింకకు పొయ్యి ఉన్నదా? గుర్రం ఇంట్ల కుక్కర్ ఉన్నదా? ఎట్ల ఉరుకుతున్నయి చెప్పుండ్రి" అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు, నమ్మేవాళ్లు.

ఊరికే చెప్పి వదిలేసినా బాగుండేది. నూలి పున్నమి వచ్చింది. మార్కండేయుని రథం ఊరేగే రోజు, పద్మశాలీలు ఒకరి చేతికొకరు నూలుపోగు కట్టే రోజు. సిద్ధరాములు నలుగురు పిల్లల్ని గుడి ముందు నిలబెట్టి చేతులకు పోగులు కట్టాడు. డిసెంబర్‌లో జరిగే రాష్ట్ర ఎంపిక పోటీల దాకా నిప్పు సోకిన తిండి ముట్టబోమని మార్కండేయుని మీద ఒట్టు వేయించాడు. తిండి మాటను దేవుడి మాట చేశాడు. తిండి అయితే ఒంట్లో బాగోలేనప్పుడు మార్చుకోవచ్చు. దేవుడి మీద వేసిన ఒట్టును ఆ పిల్లలు ఎలా మార్చుకుంటారు?

నలుగురిలో గట్టి పిల్ల ఋతుజ. మూడు వేల మీటర్లు పరుగెత్తేది. తండ్రి లేడు, తల్లి చంద్రభాగ ఇంట్లోనే బీడీలు చుడుతుంది. జొన్నరొట్టె, పల్లీల చట్నీ, ఆదివారం ఇంత మటన్, ఇదీ ఆ ఇంటి తిండి. అన్నీ మానేసింది. మేనమామ పెళ్లిలో అందరూ బిర్యానీ తింటుంటే సంచిలోంచి కీరకాయ తీసుకుని తింది. మొదటి అయిదారు వారాలు ఒళ్లు తేలికై పరుగు పెరిగింది కూడా. సిద్ధరాములు స్టాప్‌వాచ్ పట్టుకుని కార్ఖానాలో కనిపించిన వాళ్లందరికీ చూపించాడు.

దసరా దాటాక ఆ పరుగు తగ్గుతూ వచ్చింది. ఒక రోజు చంద్రభాగ మైదానానికి వచ్చింది.

"అన్నా, పిల్ల చేతులు సల్లగుంటున్నయి. నెత్తి దువ్వితే ఎంట్రుకలు కుచ్చులు కుచ్చులు ఊడుతున్నయి. జరంత రొట్టె పెట్టనా?"

"నీ తల్లి ప్రేమతోని ఖరాబ్ చెయ్యకు చెల్లె. లోపలి కచరా పోతున్నది, బాడీ సాఫ్ అయితున్నది. డిసెంబర్ దాకా సబర్ చెయ్యి."

మగవాడితో చెప్పలేని సంగతిని ఆమె అతని భార్య విజయతో చెప్పింది. పిల్ల మూడు నెలల నుంచి బయట ఉండటం లేదట అని రాత్రి అతను మొలకలు తింటుండగా విజయ చెబితే, మంచిదే, పోటీలప్పుడు తక్లీఫ్ ఉండదు అన్నాడు. తన నోటి నుంచి వచ్చిన మాటలన్నిటిలో ఆ మాట తలచుకుంటేనే అతనికి ఇప్పుడు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

ఎంపిక పోటీల్లో అయిదో రౌండ్‌లో ఋతుజ ఆగిపోయింది. ట్రాక్ పక్కన కూలబడి మోకాలి కింద ఎముకను పట్టుకుంది. సిద్ధరాములు పరుగెత్తుకెళ్లాడు. పదిహేనేళ్ల కోరిక కళ్ల ముందు నేలపాలైతే మనిషికి కోపం వస్తుంది, అది సహజమే. కానీ ఆ కోపంలో అతనన్న మాటను సహజమని ఎవరూ అనరు.

"ఏం తిన్నవ్? నిజం చెప్పు."

"ఏం తినలే కాకా."

"దొంగతిండి తిన్నవ్. ఒట్టు పెట్టి దొంగతిండి తిన్నవ్. పచ్చితిండి మీద ఉన్నోళ్లకు ఇట్ల కాదు."

నూలు కత్తిరించే చిన్న కత్తెర ఎప్పుడూ అతని జేబులోనే ఉంటుంది. దాంతో ఆమె చేతి పోగును అక్కడికక్కడే, మిగతా పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు, వేరే కోచ్‌ల ముందు కత్తిరించేశాడు. ఋతుజ ఏడవలేదు. ఖాళీ మణికట్టును రెండో చేత్తో మూసుకుంది.

చంద్రభాగ కూతురి మాట నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా ఆమె బీడీలు కంపెనీకి తీసుకెళుతోంది. అక్కడ బీడీలు పరిశీలించే చెకర్ ఏ కట్టను పక్కకు పడేసినా తప్పు తనదేనని తల వంచుకోవడం ఆమెకు అలవాటు. ఈ చెకర్ తన బిడ్డను పక్కకు పడేశాడు. ఇంటికొచ్చి పిల్ల చెంప మీద కొట్టింది. మర్నాడు కార్ఖానా గేటు దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది.

"పిల్ల తప్పు చేసింది అన్నా. మాఫ్ చేసి మళ్ల తీసుకో."

సిద్ధరాములు చూద్దాంలే అన్నాడు, పెద్ద మనసు చేసుకున్నట్టు.

రెండు వారాలైనా కాలి వాపు తగ్గకపోతే, తోడు రమ్మని చంద్రభాగ అతన్నే అడిగింది. దవాఖానాకు వెళ్లాడు. సాయానికి కాదు, పిల్ల దొంగతనం డాక్టర్ నోట బయటపడుతుందని వెళ్లాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, మోకాలి కింద ఎముకలో సన్నటి చీలిక ఉందంది. రోజూ ఏం తింటావని మరాఠీలో అడిగింది. ఋతుజ నాలుగు నెలల తిండిని మొలకలతో సహా ఒక్కటీ వదలకుండా చెప్పింది. దొంగతిండి తిన్న పిల్ల అలా చెప్పగలిగేది కాదని అతనికి అక్కడే అర్థమైంది.

డాక్టరమ్మ కోప్పడలేదు, విడమరచి చెప్పింది. కాయలు, పండ్లు, మొలకలు మంచివే, తిండితో పాటు తినాలి. ఇంత పరుగెత్తే పిల్ల ఉత్త పచ్చివే తింటే కడుపు నిండుతుంది గానీ కావలసిన బలం అందులో సగం కూడా రాదు. వండితే ఒంటికి పట్టేది పచ్చిగా తింటే పూర్తిగా పట్టదు. బలం చాలనప్పుడు ఒళ్లు ముందు నెలసరిని ఆపేస్తుంది, తర్వాత ఎముకల్ని బలహీనం చేస్తుంది.

"ఇలా తినమని ఎవరు చెప్పారు?" అని అడిగింది.

సిద్ధరాములు ఎక్స్‌రే వైపు తల తిప్పాడు.

"ఫోన్‌ల చూసిన మేడం" అంది ఋతుజ.

అప్పుడైనా అతను నోరు తెరవాల్సింది. తెరిచాడు కూడా, కానీ అందులోంచి వచ్చింది వేరే మాట. "ఈ కాలం పిల్లలు అంతే మేడం, ఫోన్‌లు చూసి ఖరాబ్ అయితున్నరు" అన్నాడు. అన్న తర్వాత తన గొంతు తనకే అసహ్యం వేసింది. చంద్రభాగ అతని వైపు ఒక్కసారి చూసి, కూతురి కాలికి చెప్పు తొడగడానికి వంగింది.

ఆ తర్వాత పదకొండు రోజులు అతను చంద్రభాగ ఇంటి వీధిలోకి వెళ్లలేదు. ఇంట్లో రొట్టె పెట్టమంటే విజయ ఏమీ అనకుండా పెట్టింది. ఆమె ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది. మిగిలిన ముగ్గురు పిల్లలతో, పోటీలు అయిపోయినయి గదా, ఇగ అన్నీ తినుండ్రి అని తేలిగ్గా చెప్పి పరుగు మాత్రం ఎప్పటిలాగే పెట్టించాడు. సిగ్గుతో అద్దంలో చూసుకుని గడ్డం కూడా సరిగా గీసుకోలేకపోయాడు. అయినా నిజం చెప్పలేదు.

పన్నెండో రోజు సాయంత్రం వెళ్లాడు. చంద్రభాగ ముగ్గురు ఆడవాళ్లతో అరుగు మీద బీడీలు చుడుతోంది. అందరూ వింటుండగానే చెప్పాడు.

"తప్పు నాది చెల్లె. పిల్ల దొంగతిండి తినలే, ఫోన్‌ల చూడలే. నేను తినుమంటెనే తిన్నది."

చంద్రభాగ చేతులు ఆగలేదు. "నాకు దవాఖానల ఉన్నప్పుడే తెల్సింది. నీ మాట మీద బిడ్డను కొట్టిన అన్నా. ఆ దెబ్బ ఎట్ల వాపస్ తీసుకోవాలె నేను?"

లోపలి గదిలో ఋతుజ ఉంది. బయటికి రాలేదు.

"నువ్వు మైదానంల అందరి ముందట అన్నవ్. గీడికొచ్చి నలుగురు ఆడోళ్లకు చెప్తే ఏమొస్తది? ఆడనే చెప్పు" అంది చంద్రభాగ.

మర్నాడు పొద్దున మైదానంలో పిల్లల్నీ, వాళ్లను దింపడానికొచ్చిన తల్లిదండ్రుల్నీ నిలబెట్టి చెప్పాడు. ఋతుజను దొంగ అనడం, పోగు కత్తిరించడం, డాక్టర్ ముందు అబద్ధానికి వంత పాడటం, అన్నీ చెప్పాడు. వింటున్నవాళ్లు ఎవరూ అతన్ని ఓదార్చలేదు. చెప్పడం అయ్యాక మూడో వరసలోంచి మయూరి చెయ్యి ఎత్తింది. నూలి పున్నమికి ఒట్టు వేసిన నలుగురిలో ఆమె ఒకతె.

"కాకా, నాకు గూడ కాలు నొస్తుంది."

"ఎప్పటి సంది?"

"దీవాలి అయినంక."

"ఎందుకు చెప్పలే బిడ్డా?"

"ఋతుజను దొంగ అన్నరు గదా. నన్ను గూడ అంటరని."

సిద్ధరాములు ఆమె ముందు నేల మీద కూర్చుని మోకాలి కింద ఎముక మీద వేలితో మెల్లగా నొక్కాడు. పిల్ల అబ్బా అని కాలు వెనక్కి లాక్కుంది. నిన్న పొద్దున, వెనకబడుతున్నావని తిట్టి ఆ పిల్ల చేత రెండు రౌండ్లు ఎక్కువ పరుగెత్తించింది అతనే.