పులిగోరు జట్టు మూగన్న

పరకాల దగ్గరి చిట్యాలలో సురేందర్ సెల్‌ఫోన్ల దుకాణానికి పని లేకపోయినా వచ్చి కూర్చునేవాళ్లు ఉన్నారు. పగిలిన గ్లాసు మార్పించుకున్న మనిషి పని అయిపోయాక కూడా స్టూలు మీంచి లేవడు. సురేందర్ మాటలు అలాంటివి. పత్తి ఏరడానికి కూలీలు దొరకని సంగతి దగ్గర్నుంచి మండలాఫీసుకు కొత్తగా వచ్చిన సారు మీసాల దాకా ఏది ఎత్తుకున్నా అది కథ అయి కూర్చునేది. పెళ్లిళ్లలో ఆయన కూర్చున్న భోజనాల బంతి అన్నిటికంటే ఆలస్యంగా లేచేది. ఆయన నోరు మూతపడేది నిద్రలోనేననీ, అప్పుడు కూడా నమ్మకం లేదనీ భార్య శోభ చెప్పి నవ్వేది.

అలాంటి మనిషిని పుట్టు మూగవాడిగా ఎరిగినవాళ్లు కొందరున్నారంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. శోభకు కూడా పోయిన ఏడాది దాకా తెలియదు.

సురేందర్ పుట్టింది నర్సింహులపేట మండలంలో ఒక తండాలో. తండ్రి మంగ్యా కూలికి పోయి, ఉన్న కాస్త చెలకలో మిర్చి వేసి కొడుకును చదివించాడు. డిగ్రీకి సురేందర్ మానుకోట వచ్చి హాస్టల్లో చేరాడు. స్టేషన్ దగ్గర హన్మంతు అనే ఆయన నెట్ సెంటర్ నడిపేవాడు. మొరాయించిన కంప్యూటర్లను సురేందర్ ఎట్లాగో ఒకట్లా నడిపించేవాడు కాబట్టి, సాయంత్రాలు హన్మంతు అతన్ని ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోనిచ్చేవాడు. ఆ కుర్చీలోనే సురేందర్‌కు వాల్డోరా పరిచయమైంది.

అది ఎక్కడెక్కడివాళ్లో ఒకేసారి చేరి ఆడే ఆట. ఒక్కొక్కరూ ఒక్కో వేషం వేసుకుని ఒకే లోకంలో తిరుగుతారు, జట్లు కడతారు, యుద్ధాలు చేస్తారు. తెలుగువాళ్ల జట్టు ఒకటి ఉండేది, పేరు పులిగోరు. సురేందర్ అందులో వైద్యుడిగా చేరాడు. యుద్ధంలో పడిపోయినవాళ్లను లేపి నిలబెట్టడం ఆ వేషం పని. ఆ లోకంలో ఒక రేవుపట్నం ఉండేది. రాతి మెట్లు, మెట్ల కింద పడవలు, పొద్దుగూకితే వంతెన మీద వెలిగే దీపాలు. సముద్రాన్ని ఎన్నడూ చూడని సురేందర్‌కు అదే సముద్రం.

జట్టు నాయకుడు వివేక్. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడని అందరికీ తెలుసు. హెడ్‌సెట్‌లో అతని మాట టీవీలో వార్తలు చదివేవాళ్ల మాటలా ఉండేది. సురేందర్‌కు ఆ గొంతంటే గౌరవం.

హన్మంతు కొత్త హెడ్‌సెట్లు తెచ్చిన వారంలోనే సురేందర్ మొదటిసారి మైకులో నోరు విప్పాడు. జట్టంతా బురద నేలలో నడుస్తోంది. ముందు గడ్డిలో ఏదో కదలడం అతను చూశాడు.

"అన్నా, గటు దిక్కు పోకుండ్రి! గాడ తోడేళ్లున్నయ్!"

అందరూ ఒక్కసారిగా నవ్వారు.

"గాడ తోడేళ్లా, గాడిద తోడేళ్లా?" అన్నాడు వివేక్. సినిమాల్లో దొంగలకూ తాగుబోతులకూ పెట్టే యాసలో, సాగదీసి, మొత్తం వాక్యాన్ని మళ్లీ పలికాడు. "తమ్ముడూ, ఇంకోసారి అనవా, ప్లీజ్!"

ఆ నవ్వుల్లో ఎవరూ ముందు చూసుకోలేదు. తోడేళ్లు వచ్చి పడి జట్టునంతా చంపేశాయి. చచ్చిపోయి కూడా నవ్వుతూనే ఉన్నారు.

మరునాడు సురేందర్ జాగ్రత్తపడ్డాడు. ఇంట్లో లంబాడీ మాట, బయట మానుకోట మాట. ఆ రెండూ కాని మూడో మాటను పుస్తకాల్లోంచి కూడదీసుకుని, "అటువైపు వెళ్లకండి, ప్రమాదమండి" అన్నాడు. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు. నిన్నటి వాక్యాన్ని వివేక్ రికార్డు చేసి ఉంచాడు, దాన్ని వినిపించాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆట మొదలయ్యే ముందు అది ఒకసారి మోగాల్సిందే. పక్క కుర్చీలవాళ్లకు వినపడకుండా సురేందర్ సౌండు తగ్గించుకునేవాడు.

ఒకరోజు మైకు వైరు పీకేసి, మైక్ ఖరాబైందని టైపు చేశాడు. మళ్లీ పెట్టలేదు.

కొన్నాళ్లకు ఆ రికార్డు సంగతి పాతబడింది. నవ్వినవాళ్లలో సగం మంది ఆట మానేశారు, కొత్తవాళ్లు వచ్చారు. ఎంతకూ మాట్లాడని ఈ వైద్యుణ్ని చూసి, పాపం మాటలు రావేమోనని ఎవరో అన్నారు. వివేక్‌తో సహా ఎవరూ కాదనలేదు. సురేందర్ కూడా కాదనలేదు. ఆ కొత్తవాళ్లలో, హన్మకొండ నుంచి ఆడే అలేఖ్య అనే అమ్మాయి అతనికి మూగన్న అని పేరు పెట్టింది. వెక్కిరింతకు కాదు, ప్రేమతోనే. "మూగన్న టైపు చేసేదాకా ఆగండి, ఆయన చేతులే ఆయన నోరు" అని అందరినీ ఆపేది. మాట్లాడినందుకు నవ్విన జట్టే, మాట్లాడనందుకు అతన్ని నెత్తిన పెట్టుకుంది. ఆ ప్రేమ దొంగసొమ్మని సురేందర్‌కు తెలుసు. అయినా తీసుకున్నాడు. డిగ్రీ చదివిన ఆ కాలంలో అతనికి అంతకంటే మంచి సాయంత్రాలు లేవు.

తర్వాత ఆట కంపెనీవాళ్లు లోకాన్నంతా మార్చారు. భూకంపం వచ్చిందని కథ చెప్పి రేవుపట్నాన్ని సముద్రంలో ముంచేశారు. జట్టు చెదిరిపోయింది. హన్మంతు కంప్యూటర్లు అమ్ముకుని జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. సురేందర్ సెల్‌ఫోన్ల పని నేర్చుకుని, శోభను చేసుకుని, ఆమె అన్నదమ్ములున్న చిట్యాలలో దుకాణం తెరిచాడు.

పోయిన ఏడాది వానాకాలంలో అదే కంపెనీ పాత లోకాన్ని మళ్లీ తెచ్చింది. రేవు, మెట్లు, పడవలు, అన్నీ అప్పుడెట్లా ఉన్నాయో అట్లాగే ఇస్తున్నామని చెప్పింది. దుకాణంలో కూర్చుని సురేందర్ ఆటగాళ్లు రాసుకున్నవన్నీ ఫోన్లో చదివాడు. చేపలమ్మే ముసలామె మళ్లీ అదే చోట కూర్చుని ఉంటే ఏడుపొచ్చిందని ఒకరు రాశారు. నీళ్ల రంగు ఇది కాదు, మోసం చేశారని ఇంకొకరు తిట్టారు. అప్పుడు కాళ్లు పీకేలా నడిచేవాళ్లం, ఇప్పుడు గుర్రాలిచ్చి పాతదంటే ఎట్లా అని ఒకరి కోపం. పట్నం ఇంత చిన్నదా, నా తలలో ఎంత పెద్దగా ఉండేదో అని ఒకరి దిగులు. ఎక్కువమంది రాసింది మాత్రం ఒకటే. అప్పటి మనుషులు ఎంత మంచివాళ్లు, ఒకరినొకరు ఎంత బాగా చూసుకునేవాళ్లం అని.

ఆ మాట దగ్గర సురేందర్ వేలు ఆగిపోయేది.

పులిగోరు జట్టు పేరుతో వివేక్ ఒక గ్రూపు పెట్టాడు. అందులో అలేఖ్య అడిగింది: "మన మూగన్న ఎక్కడ? దేవుడు ఆయనకు గొంతు ఇవ్వకపోయినా మనందరికీ ప్రాణం పోశాడు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి." దాని కింద ఎన్ని దండాలో, ఎన్ని కన్నీళ్ల బొమ్మలో.

సురేందర్ ఆగలేకపోయాడు. దుకాణంలో ఉన్న పాత కంప్యూటర్‌లో ఆట ఎక్కించి రేవుపట్నంలో అడుగుపెట్టాడు. వంతెన కింద నీళ్ల చప్పుడు వినగానే అతనికి హన్మంతు సెంటర్‌లోని ఉక్కపోత, రైలు వచ్చినప్పుడు వణికే బల్ల గుర్తొచ్చాయి. జట్టువాళ్లు మెట్ల మీద వరుసగా నిలబడి ఉన్నారు. "మూగన్న వచ్చాడు!" అని అలేఖ్య కేకవేసింది. అందరి గొంతుల్లోనూ సంతోషం నిజమైనదే. నేనే అని టైపు చేశాడు సురేందర్.

అప్పుడే అన్నం గిన్నె తెచ్చిన శోభ వెనక నిలబడి విన్నది.

"మూగన్న ఎవలు?"

"నేనే."

"నువ్వా? నువ్వు మూగోనివా?" ఆమె పడీపడీ నవ్వింది. సురేందర్ నవ్వకపోవడం చూసి ఆగింది. ఆ పూట గిన్నె మూత తీయకుండానే మొత్తం చెప్పాడు. శోభ స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాతోని ఒక్క పూట మాట్లాడకుండ ఉండవు. గాళ్లతోని గన్ని దినాలు ఎట్లున్నవయ్యా?" అని మాత్రం అడిగింది.

దసరా తర్వాత జనగామలో కలుద్దామని వివేక్ గ్రూపులో పెట్టాడు. తనకు అటువైపు పని ఉందట. హైవే మీది హోటల్లో మధ్యాహ్నం భోజనం. రాగలిగినవాళ్లు రావాలి, మూగన్న మాత్రం తప్పక రావాలి. వస్తానని సురేందర్ టైపు చేశాడు.

"పోయి నోరిప్పి మాట్లాడిరా. నువ్వేం తప్పు చేసినవని?" అన్నది శోభ.

అతను కూడా ఆ ఉద్దేశంతోనే బయలుదేరాడు. పరకాల బస్సులో, హన్మకొండలో బస్సు మారాక జనగామ దాకా, ఏమనాలో లోపల్లోపలే అనుకుంటూ పోయాడు. ముందు నవ్వించాలి. నవ్వించి చెబితే ఎవరికీ బాధ ఉండదు. ఆ విద్య తనకు వచ్చినదే కదా.

హోటల్లో నలుగురైదుగురు ఉన్నారు. వివేక్ ఎదురొచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు. అలేఖ్య లేచి నిలబడింది. బ్యాంకులో పనిచేస్తుందట, అనుకున్నదానికంటే పెద్దామెలా ఉంది. ఆమె మాట్లాడలేదు. రెండు చేతులూ గుండెల దాకా తెచ్చి, వేళ్లు విప్పి, ముడిచి, అతనివైపు చూపించి, మెల్లగా ఏదో చెప్పింది. సురేందర్‌కు అర్థం కాలేదు.

పక్కన ఉన్నతను చెప్పాడు. "నిన్ను చూడటం సంతోషం అన్నా అంటోంది. నీకు వినబడుతుందని తెలిసినా, నీ భాషలోనే పలకరించాలని నెల నుంచి వీడియోలు చూసి సైగలు నేర్చుకుంది."

అనుకుని వచ్చిన మాటలన్నీ సురేందర్‌ను వదిలి వెళ్లిపోయాయి. దండం పెట్టి కూర్చున్నాడు. అన్నం వడ్డించారు. అలేఖ్య సైగలు చేస్తూనే ఉంది. అవునన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు. ఇట్లాగే తిని లేచి, బస్సెక్కి పోతే సరిపోతుందని ఒకసారి అనిపించింది.

అంతలో వివేక్‌కు ఫోన్ వచ్చింది. "ఆ బాపూ, జనగామలనే ఉన్న. మోటరు గాడనే ఉండనియ్, నేనొచ్చి చూస్త. గటు పోకు నువ్వు, బురదున్నది," అన్నాడు. ఫోన్ పెట్టి, మళ్లీ వార్తల గొంతుతో, "సారీ, ఊరి నుంచి నాన్న. దేవరుప్పుల ఇక్కడికి దగ్గరే," అన్నాడు.

సురేందర్ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నీది దేవరుప్పులనా, అన్నా?"

అలేఖ్య చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"అక్కా, నాకు మాటలొస్తయ్," అన్నాడు ఆమెవైపు తిరిగి. "చిన్నప్పటిసంది వస్తయ్. మీరు మూగోడన్నప్పుడు కాదనలే నేను. గది నా తప్పే."

"ఎందుకన్నా?" అంది అలేఖ్య.

"మొదటి దినం మాట్లాడితే నవ్విండ్రు. గాడ తోడేళ్లున్నయన్న. దాన్ని పట్టి రోజూ మోగిచ్చిండ్రు. గందుకే బందు పెట్టిన." వివేక్‌ను చూశాడు. "నీకు యాదికున్నదా అన్నా?"

"నిజంగా గుర్తులేదు సురేందర్," అన్నాడు వివేక్. ముఖం ఎర్రబడింది. "ఒకవేళ నవ్వి ఉన్నా, ఫ్రెండ్స్ అన్నాక నవ్వుకుంటాం కదా. దానికి ఇన్నేళ్లు మమ్మల్ని ఫూల్స్ చేస్తావా?"

"మీ బాపుతోని గిప్పుడు నువ్వు మాట్లాడినది కూడ గదే మాట."

వివేక్ మంచినీళ్ల గ్లాసు తీసుకుని తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. అలేఖ్య సంచి తీసుకుంది. "నాకైనా చెప్పాల్సింది. నేనెప్పుడూ నవ్వలేదు కదా," అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఎవరూ ఆపకముందే బయటికి నడిచింది.

ఆ సాయంత్రానికే గ్రూపులో సంగతి పాకింది. మూగవాడిలా నటించి జాలి కొట్టేశాడని ఒకరు, పాత రోజులు కూడా అబద్ధమేనని తేలిందని ఇంకొకరు. ఎప్పుడూ చూడనివాళ్లు కూడా తిట్టారు. ఎందుకు మూగబోయాడో ఒక్కరూ రాయలేదు. తెలిసిన వివేక్ మాత్రం, వదిలేయండి, ఆట ఆడదాం అని రాసి ఊరుకున్నాడు.

సురేందర్ వాళ్లెవరికీ జవాబివ్వలేదు. అలేఖ్యకు మాత్రం తన గొంతుతోనే ఒక సందేశం పంపాడు. దుకాణం షట్టరు సగం దించి, లోపల కూర్చుని, ఎట్లా వస్తే అట్లా మాట్లాడాడు. తన తండా గురించి, హన్మంతు సెంటర్ గురించి, ఆమె పెట్టిన పేరు విన్న సాయంత్రం ఎంత సంబరపడ్డాడో, ఆ సంబరానికి ఎంత సిగ్గుపడ్డాడో చెప్పాడు. ఆమె విన్నట్టు ఫోన్లో గుర్తు పడింది. జవాబు రాలేదు.

చలికాలం వచ్చేసరికి ఆటగాళ్ల మోజు తీరింది. రేవులో చేయడానికి కొత్తగా ఏమీ లేదని విసుక్కున్నారు. కంపెనీ ఇంకేదో కొత్త లోకాన్ని ప్రకటిస్తే అందరూ అటు మళ్లారు. సురేందర్ ఆటను కంప్యూటర్‌లోంచి తీసేశాడు.

దుకాణానికి జనం ఇప్పటికీ వస్తున్నారు. మాటలు చెబుతూనే ఉన్నాడు, వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. కానీ నవ్వు మొదలు కాగానే అతను ఆగి, నవ్వేవాళ్ల ముఖాల్లోకి ఒక్కొక్కరిగా చూస్తున్నాడు. శోభ అది గమనించింది.

"ఏమయ్యా, ఏం చూస్తున్నవ్?" అని ఒకరోజు అడిగింది.

"ఏం లేదు," అన్నాడు. ఫోన్ విప్పి పెట్టుకుని, తల వంచి పనిలో పడ్డాడు.