రెండో శాంపిల్‌కి నేను ఉండలేదు

ఆ ఉదయం అడవులదీవిలో వలీమాకు, అంటే పెళ్లయ్యాక పెళ్లికొడుకు వాళ్లిచ్చే విందుకు, వంట మొదలుపెట్టాను. మాది రేపల్లె, పెళ్లివంటలు నా వృత్తి. ఎనిమిదింటికి ఉల్లిపాయలు వేయిస్తుంటే ఛాతీ మధ్యలో బరువుగా పట్టేసి, ఎడమ దవడ దాకా లాగింది. పొయ్యి సెగ అనుకున్నాను. చెమట ఆగకపోయేసరికి పెళ్లివారు రేపల్లెలో ఒక చిన్న ఆసుపత్రికి పంపారు.

ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష రెండూ నార్మల్. చెప్పులు వేసుకోబోయాను.

"ఎక్కడికండీ కరీం గారూ?" అన్నారు డాక్టరమ్మ. "నొప్పి మొదలై గంటన్నరే అయింది. గుండె కండరం దెబ్బతిన్నా ట్రోపోనిన్ పెరగడానికి టైం పడుతుంది. మూడు గంటలాగి రెండో శాంపిల్ తీస్తాం."

"పదకొండింటికి బిర్యానీ దమ్ము పెట్టాలమ్మా. నా చెయ్యి పడాల్సిందే."

"ఒక్కపూట ఇంకెవరి చెయ్యన్నా పడనివ్వండి."

వినలేదు. నా ఇష్టంతోనే వెళ్తున్నానని సంతకం పెట్టి వచ్చేశాను. వడ్డన మొదలయ్యేసరికి కుప్పకూలాను. తెనాలిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ట్రోపోనిన్ బాగా పెరిగింది. యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేశారు. ఎకోలో గుండె పంపింగ్ తగ్గిందన్నారు. రెండు వారాలకే ఆయాసంతో మళ్లీ చేరాను. మందులు మార్చాక కుదుటపడ్డాను.

చూడవచ్చిన వాళ్లందరికీ ఒకటే చెప్పాను: "రేపల్లెలో టెస్టు చేసి ఏం లేదని పంపేశారు." సంతకం సంగతి నా భార్య సల్మాకు తెలుసు. నా పరువు కోసం ఊరుకుంది.

మూడు నెలలకు పక్కింటి సుబ్బారావు మాస్టారికి ఛాతీ నొప్పి వచ్చింది. మేం పరుగెత్తేసరికి చొక్కా చెమటతో తడిసిపోయి కూర్చున్నారు. ముందు ఆ చిన్నాసుపత్రికే వెళ్దామన్నాను.

"నిన్ను ఏం లేదని పంపేసినావిడ దగ్గరికా? నేను రాను. బాపట్లలో మా తమ్ముడున్నాడు, బస్సెక్కి పోతా."

సల్మా నా వైపు చూసింది. "ఇప్పుడైనా చెప్పండి."

"మాస్టారూ, ఆవిడ ఉండమన్నారండి. నేనే సంతకం పెట్టి పారిపోయా. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పా."

"ఓరి నీ బిర్యానీ తగలెయ్య! ఆటో పిలు," అన్నారాయన.

ఆయనకూ మొదటి శాంపిల్ నార్మలే. రెండోదాంట్లో ట్రోపోనిన్ పెరిగింది. అక్కడే ఉన్నారు కాబట్టి వెంటనే మందులిచ్చి తెనాలి పంపారు. గుండె పెద్దగా దెబ్బతినలేదు.

డాక్టరమ్మను క్షమించమని అడిగాను.

"నాకు కాదండి, మీ మాట విన్నవాళ్లకు చెప్పండి," అన్నారు.

అందుకే ఇది రాస్తున్నాను. ఇప్పుడు మందులు తప్పను, రోజూ నడుస్తాను, వంటలకూ వెళ్తున్నాను. మీకు ఛాతీలో నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి; అది ఏ గంటకు మొదలైందో డాక్టరుకు కచ్చితంగా చెప్పండి. మొదటి ట్రోపోనిన్ నార్మల్ అన్నా, రెండోది ఎప్పుడు తీస్తారో అడగండి. దాని ఫలితం వచ్చి, వెళ్లొచ్చని వాళ్లు చెప్పేదాకా మంచం దిగకండి.