వెళ్ళొద్దన్నాను, ఉండిపోయింది

మాటలొచ్చిన మనిషికి మైకు ఇవ్వకూడదు. ఇస్తే ఏమవుతుందో నా పెళ్ళి మంచాన్ని అడగండి. అది నా కోసం అద్దంకిలో తయారై, ట్రాక్టరెక్కి దర్జాగా వచ్చి, నా కళ్ళ ముందే వేరేవాళ్ళ గదిలోకి వెళ్ళిపోయింది. దాన్ని మేడ మీదికి మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. తలవైపు పట్టుకున్నాను.

ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను. మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నేను అద్దంకి దగ్గర ఒక పల్లెటూళ్ళో, చర్చివాళ్ళు నడిపే హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. పేరు ప్రభుదాసు. అందరికీ దాసు మాస్టారు. పాఠం సంగతి ఎలా ఉన్నా, సభలో మాత్రం ఇరగదీస్తాడని పేరు. రిటైర్మెంట్లకీ క్రిస్మస్ కార్యక్రమాలకీ ఆఖరికి ఊళ్ళో బోరు ప్రారంభానికి కూడా నన్నే పిలిచేవాళ్ళు. ఆ రోజు బోరు గొప్పతనం గురించి నేను మాట్లాడుతుంటే దాన్ని వేసిన మేస్త్రీయే కళ్ళు తుడుచుకున్నాడు. ఇక నన్ను పట్టేదెవరు?

మా స్కూలుకి హాలండు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. జీతం లేకుండా, పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి. ఆవిడ అసలు పేరు మరైకె. మా ఊరి నోళ్ళు ఆ పేరుతో కొన్నాళ్ళు కుస్తీ పట్టి, చివరికి మరియమ్మ అని ఖాయం చేసేశాయి. ఆరడుగుల మనిషి. మిరప కల్లాల పక్కనుంచి సైకిలు మీద వెళ్తుంటే, కాయలు ఆరబోసే ఆడవాళ్ళు పని ఆపి "మరియమ్మగారూ, తిన్నారా?" అని కేకేసేవాళ్ళు. ఆవిడ సైకిలు దిగి, స్టాండు వేసి, పొద్దున ఏం తిన్నదీ ఎంత తిన్నదీ వివరంగా చెప్పేది. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం, చెప్పిన మాటని చెప్పినట్టే నమ్మడం ఆవిడ అలవాటు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నా కొంప మునిగింది ఇక్కడే.

రెండేళ్ళుంది మా దగ్గర. మొదట్లో కల్లాల ఘాటుకి తుమ్మి తుమ్మి సొమ్మసిల్లేది. తర్వాత్తర్వాత పండుమిరప పచ్చడి లేకపోతే ఆవిడకి ముద్ద దిగేది కాదు. తెలుగు కూడా బాగానే పట్టింది. స్టాఫ్ రూములో నాకూ ఆవిడకీ ఒకటే బల్ల. నేను ఇంగ్లీషు తప్పు మాట్లాడితే ఆవిడ దిద్దేది. ఆవిడ తెలుగు తప్పు మాట్లాడితే నేను నవ్వేవాణ్ణి. అక్కాచెల్లెళ్ళు లేని నాకు ఆవిడ అక్కే అయిపోయింది. ఇది మాత్రం నవ్వులకి చెప్పిన మాట కాదు.

ఆవిడ ఉండేది స్కూలు మేడ మీద గదిలో. మంచి గాలి, నీళ్ళ వసతి, తలుపు వేసుకుంటే లోకంతో పనిలేదు. సరిగ్గా ఆవిడ వెళ్ళిపోయే రోజులకే నా పెళ్ళి కుదిరింది. అమ్మాయి సునీత, అద్దంకిలో ఒక ఆస్పత్రిలో నర్సు. మా ఇల్లు చూస్తే ఒక గది, ఒక వసారా. అందులో అమ్మ, నాన్న, తమ్ముడు, నేను, మా నాన్న దగ్గు. ఇక కొత్త పెళ్ళికూతుర్ని ఎక్కడ పెట్టను? నా అవస్థ చూసి మా హెడ్‌మిస్ట్రెస్ రాజరత్నంగారే, "మరియమ్మ వెళ్ళాక ఆ మేడగది నువ్వు తీసుకోవయ్యా దాసూ" అన్నారు. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాలు మొదలైతే మా చర్చిలో పెళ్ళిళ్ళు చెయ్యరు కాబట్టి తేదీ జరపడానికి కూడా లేదు. ఆవిడ వెళ్ళిన వారానికి పెళ్ళి.

ఇంత అవసరం ఉన్నవాడు వీడ్కోలు సభలో ఏం మాట్లాడాలి? "క్షేమంగా వెళ్ళండమ్మా" అని నమస్కారం పెట్టి కూర్చోవాలి. కానీ మనవైపు వెళ్ళేవాళ్ళని ఊరికే వెళ్ళనిస్తామా? చుట్టం సంచి అందుకుంటే "అప్పుడేనా?" అంటాం. చెప్పులేసుకుంటే "ఈ పూటకి ఉండరాదూ" అంటాం. బస్సెక్కాక కూడా కిటికీ పట్టుకుని "దిగెయ్యండి, రేపు వెళ్దురుగాని" అంటాం. ఆయన "లేదండీ, పనులున్నాయి" అంటాడు. మనం "ఏం పనులండీ!" అంటాం. బస్సు కదుల్తుంది. ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది. అలా పిలిస్తే నిజంగా బస్సు దిగినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదు.

సభలో ముందు మా లెక్కల మాస్టారు కోటేశ్వరరావుగారు లేచారు. మిరప రైతు కూడా ఆయన. "మా తోట కోతలయ్యేదాకా మీరు కదలడానికి వీల్లేదండీ మరియమ్మగారూ. అంతే!" అని కూర్చున్నారు. తర్వాత రాజరత్నంగారు "నా కన్నకూతురు వెళ్ళిపోతున్నట్టుంది. వెళ్ళొద్దు తల్లీ" అని కొంగు కళ్ళకద్దుకున్నారు. అప్పటికే సగం జనం ముక్కులు చీదుతున్నారు. అప్పుడు నాకిచ్చారు మైకు.

"అమ్మా! మీరు వెళ్ళిపోతే ఈ బ్లాక్‌బోర్డు ఏమైపోవాలి? మీ సైకిలు బెల్లు వినపడకపోతే ఈ ఊరికి తెల్లారుతుందా? మిమ్మల్ని వెళ్ళనివ్వం! రేపు మీ కారుకి అడ్డంగా పడుకుంటాం! ముందు చక్రం కింద నేను, వెనక చక్రం కింద కోటేశ్వరరావు మాస్టారు!"

కోటేశ్వరరావుగారు ఉలిక్కిపడ్డారు. పిల్లలంతా "వెళ్ళొద్దు టీచర్!" అని గోల. బిర్యానీ వండే ఆయన గరిటె వదిలేసి వచ్చి నిలబడ్డాడు. మెడ నిండా శాలువాలతో స్టేజీ మీద మరియమ్మగారు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆవిణ్ణి చూసి నేనూ ఏడ్చాను. అంత బాగా అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడటానికి మా ఆవిడ ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే గన్నవరం విమానాశ్రయానికి కారు సిద్ధం. నేనూ కోటేశ్వరరావుగారూ గేటు దగ్గర నిలబడ్డాం. కారు అటు కదలగానే మంచం ఇటు ఎక్కాలని ట్రాక్టరు కూడా పురమాయించి ఉంచాను. అదీ నా ముందుచూపు.

మరియమ్మగారు మెట్లు దిగి వచ్చింది. పెట్టె లేదు, బ్యాగు లేదు. చేతిలో సుద్దముక్క ఉంది.

"సామానేదండీ?" అన్నాను.

"వెళ్ళట్లేదు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ వెళ్ళట్లేదు దాసుగారూ. టికెట్ కాన్సిల్ చేశాను. మీరందరూ అంతగా అడిగారు కదా. వేసవి సెలవుల దాకా ఉంటాను."

బస్సు దిగిన మొదటి మనిషిని ఆ రోజు చూశాను.

సరిగ్గా అప్పుడే ట్రాక్టరు హారన్ మోగింది. "దాసు మాస్టారూ, మంచం ఎక్కడ దించమంటారండీ?"

మరియమ్మగారు మంచం వైపు చూసింది. నిగనిగలాడే టేకు మంచం, డబుల్ కాట్. ఆవిడ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. "నాకా? పాత మంచం మీద నా కాళ్ళు బయటికి వస్తున్నాయని మీకెలా తెలిసింది?"

మీరైతే ఏమనేవారు? నిజం చెప్పేవారా? నేను మాత్రం "మీకేనండీ" అన్నాను.

కోటేశ్వరరావుగారు నా జబ్బ పట్టి పక్కకి లాగారు. "ఏమోయ్, బుర్ర పనిచేస్తోందా? వారంలో పెళ్ళి పెట్టుకుని!"

"మీరు చెప్పండి మాస్టారూ, మీరు పెద్దవారు."

"నేనెందుకు చెప్తాను? చక్రం కింద పడుకుంటానన్నది నువ్వు."

"మిమ్మల్ని కూడా పడుకోబెట్టాను కదండీ!"

"నన్నడిగి పడుకోబెట్టావా?"

రాజరత్నంగారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ తల పట్టుకున్నారు. "కూతురని మైకులో అన్నానయ్యా. ఇప్పుడు కూతుర్ని పొమ్మనమంటావా? నువ్వే చెప్పు. నీకు మాటలొచ్చు కదా."

వచ్చు. వేల మంది ముందు వచ్చు. ఒక్క మనిషి ముందు రాలేదు.

బల్ల దగ్గర కూర్చుని మెల్లగా కదిపాను. "అక్కడ మీ అమ్మగారు ఎదురుచూస్తుంటారేమోనండీ?"

"చూస్తుంది." తలొంచుకుని కాపీలు దిద్దుతోంది.

"మీ ఉద్యోగం?"

"అక్కడి స్కూలువాళ్ళతో మాట్లాడాలి."

"మరి..."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "దాసుగారూ, ఆ రోజు స్టేజీ మీద మీరు ఏడ్చారు. నేను చూశాను. మీలాంటి వాళ్ళు అడిగితే ఎలా వెళ్తాను?"

నిజంగానే ఏడ్చాను మరి, కాదని ఎలా అంటాను?

పెళ్ళి జరిగిపోయింది. మరియమ్మగారు పట్టుచీర కట్టుకుని వచ్చింది. ప్రతి ఫొటోలోనూ మా అందరికంటే జానెడు పైన నవ్వుతూ ఉంటుంది. ఇంటికొచ్చాం. వసారాలో సగానికి మా అమ్మ పాత చీరొకటి అడ్డంగా కట్టి ఉంది. అవతల మా నాన్న దగ్గుతున్నాడు. సునీత ఆ చీర వంక చూసింది, నా వంక చూసింది.

"మేడగది అన్నారు?"

"ఉంది."

"టేకు మంచం అన్నారు?"

"అదీ ఉంది."

"ఎక్కడ?"

"మేడగదిలో."

"మరి మనమిక్కడ ఏం చేస్తున్నామండీ?"

మొత్తం చెప్పాను. మాత్రలు తారుమారుగా మింగి వచ్చిన పేషెంటు మాట విన్నట్టు ఓపిగ్గా వింది. విని, "పదండి" అని లేచింది. పెళ్ళిచీరతోనే బయల్దేరింది. వెనకాలే నేను, "మర్యాదగా ఉండదు సునీతా, ఆవిడ బాధపడుతుంది" అని గొణుక్కుంటూ.

మరియమ్మగారు తలుపు తీసింది. సునీత గడపలోనే నిలబడి అడిగింది. "అక్కా, మీకు ఉండాలని ఉందా, వెళ్ళాలని ఉందా?"

చూడండి, ఇన్ని రోజుల్లో ఈ ప్రశ్న ఒక్కరం కూడా అడగలేదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే మనిషి కదా. మంచం మీద కూలబడి ఏడ్చేసింది.

"వెళ్ళాలని ఉంది. అమ్మ గుర్తొస్తోంది. కానీ అందరూ అంతగా ఏడ్చారు. వెళ్తానని ఎలా చెప్పను? మొహమాటంగా ఉంది."

మొహమాటం! ఆ మాట ఆవిడకి ఎవరు నేర్పారో తెలీదు. రెండేళ్ళలో మా దగ్గర నేర్చుకున్నవాటన్నిట్లోకీ అదే బాగా వంటబట్టింది. ఆవిడ వెళ్ళలేక, మేం వెళ్ళమనలేక, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కుమిలిపోతున్నామన్నమాట.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని అడిగింది. "మరి మీరందరూ అన్నది అబద్ధమా?"

"అబద్ధం కాదక్కా. అందరూ నిజంగానే అన్నారు. మీరు ఉండిపోతారని మాత్రం ఎవరూ అనుకోలేదు" అంది సునీత.

ఉన్నట్టుండి ఆవిడకి కొత్త భయం పట్టుకున్నట్టుంది. "అయితే నన్ను భోజనానికి పిలిచినవాళ్ళు? అందరి ఇళ్ళలో తిన్నానే! అదెలా తెలుస్తుంది?"

"కంచం పెడితే నిజమక్కా. మైకు పెడితే కాదు."

అప్పుడు నవ్వింది. ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆగి, "మరి ఈ మంచం?" అని నా వైపు తిరిగింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"అది మాదక్కా" అంది సునీత.

కాలినట్టు లేచి నిలబడింది పాపం.

రెండో వీడ్కోలు సభకి రాజరత్నంగారు గట్టి కట్టడి చేశారు. "ఎవరూ ఉండమని అనకూడదు. ఆ దాసుని మైకు దరిదాపులకి రానివ్వకండి." దాంతో సభ పరీక్ష హాలైపోయింది. కోటేశ్వరరావుగారు లేచి "జాగ్రత్తగా వెళ్ళండి. కారులో ఏసీ ఉంది" అని కూర్చున్నారు. పిల్లలు మూతులు బిగించుకున్నారు. నేను బిర్యానీ గిన్నెల పక్కన నిలబడ్డాను. గొంతు దాకా మాటలున్నాయి, అన్నీ నిషేధం. వెళ్ళొద్దు అనడం తప్ప, నువ్వంటే మాకు ప్రాణం అని చెప్పడానికి మాకు ఇంకో దారి తెలీదు. అది కూడా మూసేశాక ఏం మిగిలింది? అంత దిగులు నేనెప్పుడూ పడలేదు.

మరియమ్మగారు కారెక్కింది. అద్దం దించింది. కల్లాల్లో ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న గొంతుతో అరిచింది.

"దాసుగారూ! సునీతా! మీరిద్దరూ మా ఊరు రావాలి! మా ఇంట్లోనే ఉండాలి! వారం కాదు, ఏడాది ఉండాలి! రాకపోతే నేను ఒప్పుకోను! అన్నం కూడా తినను!"

ఒక్క క్షణం అందరం నోళ్ళు తెరిచాం. ముందు రాజరత్నంగారు నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. అంతే, కట్టడి తెగిపోయింది. "వెళ్ళొద్దు తల్లీ!" "దిగెయ్యండి టీచర్!" "కోతలు కాలేదండీ!" అని అందరూ కారు మీద పడ్డారు.

"లేదండీ, పనులున్నాయి!" అంది మరియమ్మగారు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏం పనులండీ!" అని కోటేశ్వరరావుగారు.

కారు కదిలింది. అందరికీ తృప్తిగా ఉంది.

కథ ఇక్కడితో అయిపోతే నా పరువు కాస్తయినా దక్కేది. కొన్నాళ్ళకి ఒక కానిస్టేబులు స్కూలుకొచ్చి, ప్రభుదాసంటే ఎవరని అడిగాడు. స్టాఫంతా హడలిపోయారు. కబురు అద్దంకి ఆస్పత్రి దాకా వెళ్ళి, సునీత ఆటోలో పరుగున వచ్చింది.

"ఏం చేశారండీ?"

"ఏం లేదు. పాస్‌పోర్టుకి పెట్టాను. ఎంక్వైరీకి వచ్చాడు."

"పాస్‌పోర్టెందుకు?"

"మరియమ్మక్క ఏడాది ఉండమంది కదా. వెళ్ళకపోతే అన్నం తిననంది."

సునీత మళ్ళీ అదే నర్సు చూపు చూసింది. స్టాఫంతా వింటుండగా అడిగింది. "కంచం పెట్టి పిలిచిందా, కారులోంచి పిలిచిందా?"

కాబట్టి పాఠకులారా, నా చెయ్యి ఇప్పుడు ఆ టేకు మంచం మీద ఉంది. దాని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మైకు పట్టుకుని ఎవర్నీ ఉండమనను. ఎవరి కారు చక్రం కిందా, ముఖ్యంగా లెక్కల మాస్టార్లని అడక్కుండా, ఎవర్నీ పడుకోబెట్టను. ఎవరు ఎంత ప్రేమగా రమ్మన్నా, వెంటనే సామాను సర్దను.

పాస్‌పోర్టు మాత్రం పారెయ్యలేదు. బీరువాలో, పెళ్ళి ఫొటోల కిందే ఉంది.