బొక్క అనే కమాండు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. బోరబండలో మా వీధి కమ్యూనిటీ హాలులో ఆడవాళ్లకు పెట్టిన తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దేసరికి నాకు యాభై దాటాయి. రెండో కారణం మా మేనకోడలు. నేను కాగితం ముందేసుకున్నప్పుడల్లా, ఏమన్నా రాసుకో గానీ ఆ ఆఫీసు ముచ్చట మాత్రం వద్దని నా దగ్గర మాట తీసుకునేది. పోయిన ఆదివారం ఆ మాట తనే వదిలేసింది.

ఆ రోజు బాచుపల్లిలో వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. మేనకోడలి కూతురు లెక్కల్లో పెద్ద చదువు చదువుతోంది. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒకే వ్యాసం రాస్తోందట, ఎవరి భాగం వాళ్ల ఇంట్లో వాళ్లు. నాలుగు భాగాలూ కలిపేసరికి ఈ పిల్ల పెట్టిన గుర్తులు ఏవేవో గుర్తులుగా మారిపోయాయి. గుర్తులకు నువ్వు పెట్టుకున్న సొంత పేర్లు అందరి లిస్టులో ఎందుకు కలిపావని ఫోనులో స్నేహితురాలిని కడిగేస్తుంటే, నేను కంచం ముందు నుంచి తలెత్తి, బొక్క పడ్డదా అని అడిగాను. ఆ పిల్లకు నా మాట అర్థం కాలేదు. వంటగదిలో గిన్నెలు సర్దుతున్న మేనకోడలి చేయి మాత్రం ఆగిపోయింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, “ఇగ రాయి అత్తా,” అంది.

తొంభైల చివర మాదాపూర్ ఎలా ఉండేదో మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక పక్క అద్దాల మేడలు లేస్తుంటే ఇంకో పక్క బండలు పేల్చేవాళ్లు. ఆ చప్పుడుకు మా ఆఫీసు కిటికీలు అదిరేవి, కంప్యూటర్లకు ఏమవుతుందోనని అందరూ కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి పేలుడు అయ్యేదాకా అలాగే కూర్చునేవాళ్లు. మాది అద్దాల మేడ కాదు, కొత్తగా కట్టిన ఇంట్లో కిరాయికి తీసుకున్న రెండంతస్తులు. విదేశాల నుంచి లెక్కల పుస్తకాలు చేతిరాత కాగితాలుగా వచ్చేవి, వాటిని అచ్చుకు సిద్ధం చేసి పంపడం అక్కడి పని. నేను ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టేదాన్ని. మా అన్న కూతురు ఇంటర్ చదివి, టైపింగు నేర్చుకుని, అదే ఆఫీసులో ఆపరేటరుగా చేరింది. మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. మా అన్న అప్పటికే మంచాన పడ్డాడు కాబట్టి ఆ ఉద్యోగం నిలవడం తప్ప ఇంట్లో మరో ఆలోచన లేదు. చేరిన మొదటిరోజు బస్సు దిగకముందే, మనం చుట్టాలమని ఆఫీసులో చెప్పొద్దని బతిమాలింది. ఊడ్చే మనిషి అన్న కూతురంటే ఎట్లా చూస్తారోనని దాని భయం. నాకు కష్టంగానే అనిపించింది, కానీ సరేనన్నాను. రోజూ చాయ్ కప్పు దాని ముందు పెట్టి, తీసుకోండి మేడం అనేదాన్ని.

లెక్కల గుర్తులు కీబోర్డు మీద ఉండవు. వెనక్కి వాలిన గీత ఒకటి కొట్టి, పక్కన ఇంగ్లీషులో ఒక పేరు కొడితే అచ్చులో ఆ గుర్తు వస్తుంది, దాన్ని కమాండు అనేవాళ్లు. ఆ పేర్లు మన పిల్లల నోటికి తిరిగేవి కావు, కొన్ని గుర్తులకైతే చాంతాడంత వరుస కొట్టాలి. అందుకని ఎవరికి వాళ్లు తమ అధ్యాయం మొదట్లో, ఇంగ్లీషు అక్షరాల్లోనే ఫలానా తెలుగు మాట కొడితే ఫలానా గుర్తు వేయమని రాసుకునేవాళ్లు. ఇదంతా మేనకోడలు బస్సులో చెబుతుంటే విన్నదే. ఒకామె పాము అని పేరు పెట్టిన గుర్తు ఇంకొకామెకు జడ, ఒకామె లాడం అన్నది మరొకామెకు గడప. ఎనిమిది మంది ఆపరేటర్లకు ఎనిమిది రకాల పేర్లు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒక్క పూట, చాయ్ తాగే సేపు అందరూ కూర్చుని, ఈ గుర్తుకు ఈ పేరు అనుకుంటే తీరిపోయేది. అక్షరం రాని నేను చక్కెర వేయని కప్పులకు ఎర్ర దారం కట్టాను, ఆ గుర్తు ఆఫీసు మొత్తానికి వారం రోజుల్లో అలవాటయింది. చదువుకున్న పిల్లలకు మాత్రం ఎవరికి వాళ్లు పెట్టిన పేరే లోకమంతటికీ పేరు.

మేనకోడలి పక్క సీటు అమ్మాయిది కాకినాడ. నెమ్మదస్తురాలు, నన్ను కూడా అండి అని పిలిచేది. ఒక రోజు వంటగదిలోకి వచ్చి, “ఆంటీ, బాత్రూంలో మగ్గుకి బొక్క పడిందండి,” అంది. మా దిక్కు బొక్క అంటే ఎముక. ఏ కుక్క తెచ్చి పడేసిందోనని నేను చీపురు తీసుకుని వెళ్లి, మగ్గులో, బకెట్టులో, తలుపు వెనక అంతా వెతికి, బాత్రూం రెండుసార్లు కడిగి వచ్చి, బొక్క దొరకలేదు బిడ్డా అన్నాను. ఆమె మగ్గు తెచ్చి, వెలుతురుకు ఎత్తి, అడుగున ఉన్న చిల్లి చూపించింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ మగ్గు మెట్ల కింద పడేసి ఆ సంగతి మరిచిపోయాను.

ఆ నెలలోనే ఒక పెద్ద పుస్తకం పంపవలసి వచ్చింది. ఎవరి అధ్యాయాలు వాళ్లు విడిగా అచ్చు తీసుకున్నప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి. అందరికీ పైన ఒక సీనియరు ఉండేవాడు. పని శుభ్రంగా ఉంటుందని అతను అందరి పేర్లూ అధ్యాయాల్లోంచి తీసి, ఒకదాని కింద ఒకటి పేర్చి, పుస్తకం మొదట ఒకే జాబితాగా పెట్టాడు. ఒకే పేరుకు రెండు అర్థాలు కనబడితే కంప్యూటరు ఏది తీసుకోమంటారని అడగదట, కడపట చెప్పిందే తీసుకుంటుందట. ఇది నాకు చాలా తర్వాత తెలిసింది.

గురువారం నాడు పుస్తకం మొత్తం అచ్చు తీసి, పక్కన చేతిరాత కాగితాలు పెట్టి, పొడవాటి బల్ల మీద పరిచారు. నేను బల్ల తుడుస్తూ చూశాను. మేనకోడలి అధ్యాయాలు నాకు చూపులో తెలుసు. పొడవుగా వంకర తిరిగిన గీత, దాని పై కొసకూ కింది కొసకూ అడ్డంగా పడుకున్న ఎనిమిది లాంటి గుర్తు తగిలించి, అచ్చం రెండు కొసలా ముడులున్న ఎముకలా ఉండేది. చేతిరాతలో వరుస వరుసకూ ఉన్న ఆ గుర్తు అచ్చులో ఒక్కటీ లేదు. అది ఉండవలసిన ప్రతిచోటా బోలుగా ఒక చిన్న సున్నా ఉంది.

వెంటనే మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయనది కడప దిక్కు, మంచివాడే. నోటిమాట మీద చెప్పిన తప్పులు మరుగున పడుతున్నాయని, ఎవరికి ఏ తప్పు కనబడ్డా రాసిపెట్టమని తలుపు పక్కన ఒక రిజిస్టరు పెట్టించాడు. నేను రెండు మాటలు చెప్పేలోపే, తల ఎత్తకుండా, “ఏదన్నా ఉంటే రిజిస్టర్లో రాసిపోమ్మా, నేను చూసుకుంటా,” అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేనకోడలు తల ఇంకా వంచుకుంది. నేను రిజిస్టరు దగ్గరికి వెళ్లాను. దారం కట్టిన పెన్ను వేలాడుతోంది. అట్ట తెరిచి, మళ్లీ మూసి, చేతికి ఏదో ఒక పని ఉండాలి కాబట్టి అట్ట మీది దుమ్ము తుడిచి వచ్చేశాను. కళ్లతో చూసినది ఆ పుస్తకంలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

శుక్రవారం సాయంత్రానికి తప్పు అందరికీ కనబడింది. మేనకోడలు తన కంప్యూటరులో తన అధ్యాయం తెరిచి చూపించింది, అందులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నీ దగ్గర బాగుండి పుస్తకంలో ఎట్లా చెడుతుందని మేనేజరు అడిగాడు. సీనియరు జాబితాను అనుమానించాలని ఎవరికీ తోచలేదు. రేపు మధ్యాహ్నంలోగా కారణం చూపించాలి, లేకపోతే సోమవారం నుంచి రానక్కరలేదని చెప్పి ఆయన లేచి వెళ్లిపోయాడు.

బస్సులో మేనకోడలు కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ కూర్చుంది. బోరబండ దగ్గర పడుతుండగా, “అన్నిసార్లు బొక్క అనే కొట్టిన అత్తా, సున్నా ఎట్లొస్తది?” అంది. ఆ గుర్తుకు అది పెట్టుకున్న పేరు నేను వినడం అదే మొదటిసారి. నాకు మగ్గు గుర్తొచ్చింది. నీ బొక్క కాదు, ఆ కాకినాడ పిల్ల బొక్క పడ్డది దాంట్లో అన్నాను. మగ్గు సంగతంతా మొదటి నుంచి చెప్పాను. సగం కూడా వినలేదు. “జర ఊకో అత్తా. కంప్యూటర్ల సంగతి నీకేం ఎరుక. రేపు నువ్వు నోరు తెరిస్తే ఉన్న ఇజ్జత్ గూడ పోతది,” అంది. తప్పు ఎక్కడుందో బస్సు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. పుచ్చుకునేవాళ్లే లేరు.

ఇప్పుడు మాదాపూర్ మీదుగా మెట్రో పోతోంది, పేల్చడానికి బండలు మిగల్లేదు. లోకమంతా వాడే కమాండ్ల జాబితాలు వచ్చాయని మేనకోడలి కూతురు చెప్పింది, అయినా ఎవరి పేర్లు వాళ్లు దూర్చడం మానలేదని మొన్న చూశాను కదా. కానీ ఆ పిల్లకు బొక్క అంటే ఎముకా తెలియదు, చిల్లీ తెలియదు. దానికి ఒకటి బోన్, రెండోది హోల్. ఇక ఆ మాట మీద ఎవరూ తగువు పడరు. నాకు అదీ బాగుండలేదు.

మర్నాడు, శనివారం పొద్దున, నేను మటన్ దుకాణం తెరిచేసరికే వెళ్లి, రెండు కొసలా ముడులున్న ఎముక ఒకటి అడిగి తెచ్చుకుని, ఉడకబెట్టి, శుభ్రంగా కడిగి, పాత గుడ్డలో చుట్టుకుని, రోజూ ఎక్కేదానికి ముందు బస్సు ఎక్కాను. మెట్ల కింది మగ్గు తీసుకున్నాను. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి వెళ్లి, రిజిస్టరు తెచ్చి మేనేజరు బల్ల మీద తెరిచాను. ఎడమ పేజీ మీద ఎముక, కుడి పేజీ మీద మగ్గు పెట్టి పక్కన నిలబడ్డాను. అందరూ వచ్చారు. సీనియరు ఎముకను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరు పెట్టారివి అని మేనేజరు అడిగితే, “నేనే సారూ. రాయరాదు, అందుకే పెట్టిన. ఇద్దరు పిల్లలు రెండు గుర్తులకు ఒకటే పేరు పెట్టిన్రు,” అన్నాను. మగ్గు ఎత్తి, అడుగు చూపించి, కాకినాడ అమ్మాయిని ఇదేమిటని అడిగాను.

“బొక్కండి,” అంది.

ఎముక ఎత్తి మేనకోడలి వైపు తిరిగాను. ఇచ్చిన మాట ప్రకారం, ఇదేంది మేడం అని అడిగాను. గదిలో అందరూ దాన్నే చూస్తున్నారు. అది ఎముకను చూసింది, పక్క సీటు అమ్మాయిని చూసింది, తర్వాత నన్ను చూసింది.

“బొక్క,” అంది. మళ్లీ, “బొక్క, అత్తా,” అంది.