కుడివైపు అంచు

చీర కొనేవాళ్ళు అంచు పట్టుకుని గుంజి చూస్తారు, ఊడి వస్తుందేమోనని. వనపర్తిలో మా ఆయన పనిచేసే బట్టల దుకాణానికి వెళ్ళినప్పుడల్లా ఆ గుంజుడు చూసి నాకు ఒళ్ళు మండుతుంది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. గుంత మగ్గంలో కూర్చున్నవాడు ఒంటి నూలూ ఎడమ అంచూ నేస్తాడు. కుడి అంచున పోగు నడిపే నాడె వేయడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. నూలుపోగు వచ్చి ఆగిన చోట పట్టుపోగు దాన్ని మెలివేసి పట్టుకుని వెనక్కి తిరగాలి. చీర పొడుగునా అదే పని. ఒకరి చెయ్యి ముందుపడినా, రెండోవారి చెయ్యి వెనకబడినా ఆ కలిసేచోట సందు పడుతుంది. అందుకే గద్వాలలో మా పుట్టింటి వీధిలో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలన్నది పెళ్ళి సంబంధం చూసినట్టు చూస్తారు.

మా తమ్ముడి పక్కన కుడి అంచుకు కూర్చున్న అతను మా నేతవాళ్ళలోవాడు కాదు. పెద్దమందడి దగ్గర సేద్యం చేసుకునే ఇంటివాడు. బోర్లు ఎండిపోయి, ఉన్న మెట్ట చెలక అన్న ఒక్కడికే చాలకపోతే కూలికని గద్వాలకు వచ్చాడు. మొదట నూలుకు రంగులద్దే చోట పని చేశాడు. తర్వాత మా ఇంట్లో నాడె పట్టాడు. “నాగలి పట్టేటోనికి నాడేంది” అని మా నాయన మొహం చిట్లించాడు కానీ, ఏడాది తిరిగేసరికి ఆ ఇద్దరూ నేసిన చీరను, మాకు పట్టు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు వెలుతురుకు అడ్డంపెట్టి చూసి మాట్లాడకుండా మడతపెట్టేవాడు. ఆయన మాట్లాడలేదంటే వంక దొరకలేదని అర్థం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నా తొలి కాన్పుకు మూడో నెలలోనే పుట్టింటికి వచ్చాను. పొద్దంతా మగ్గం అర్ర గడపలో కూర్చుని కండెలు చుట్టేదాన్ని. నాకు పుల్లటివి తినబుద్ధవుతోందంటే అతను ఎవరితోనో చెప్పి కొల్లాపూర్ నుంచి మామిడికాయలు తెప్పించాడు. “అక్కా, బిడ్డకు నీ నోరు రాకుండ మొక్కుకో” అని ఎగతాళి చేసేవాడు. మా తమ్ముడు తలెత్తకుండానే నవ్వేవాడు. ఇంట్లో మా తమ్ముడు నవ్వడం ఆ మగ్గం దగ్గరే చూశాను.

ఒక మధ్యాహ్నం అతను నీళ్ళకు వెళ్ళినప్పుడు నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన సంబంధం గురించి తమ్ముణ్ణి అడిగాను. పిల్ల బాగుందట, ఎందుకు తప్పించుకుంటున్నావని. వాడు నాడెను ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అక్కా, నాకు ఆడోళ్ళ మీదికి మనసు పోదు. చిన్నప్పటిసంది పోలె. ఆయన పక్కన కూసుంటెనే నాకు పానం కుదురుగుంటది.”

“ఆయనకు తెలుసా?”

“ఆయనకు గూడ గట్లనే.”

నాకు భయం వేసింది, వాణ్ణి చూసి కాదు, మా నాయనను తలుచుకుని. “ఈ మాట ఇంకెవరి చెవిన పడనియ్యకు తమ్మీ” అన్నాను. వాడు సరేనన్నాడు. వాడు కోరుకున్నది పెద్దదేం కాదు. ఆ గుంతలో తను, పక్కన అతను. ఊరు ఏమైనా అనుకోనీ, ఆ రెండు చోట్లు ఉంటే చాలని వాడి లెక్క.

అది కూడా దక్కలేదు. షావుకారు దగ్గరికి పోయిన మా నాయన పట్టు దొరకలేదని తొందరగా తిరిగి వచ్చాడు. మగ్గం అర్ర తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసి చూశాడు. ఏం చూశాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మగ్గం కర్ర తీసుకుని ఇద్దరినీ కొట్టాడు. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. మా తమ్ముడు అడ్డం వెళితే వాడి బొటనవేలు చితికింది. సాయంత్రానికి పెద్దమందడి నుంచి అతని అన్న వచ్చి అతణ్ణి బస్సెక్కించి తీసుకుపోయాడు.

ఆ అన్న అప్పటికే చర్చిలో ప్రార్థనకు పోతున్నాడు. పాస్టరు చెడ్డవాడు కాదని తర్వాత విన్నాను. కొట్టవద్దన్నాడట. ఇది సైతాను పెట్టిన పరీక్ష, ఉపవాసముండి ప్రార్థిస్తే తొలగుతుంది, తర్వాత పెళ్ళి చెయ్యండి అన్నాడట. ఇక్కడ మా ఇంట్లో భజనలు చెప్పే మా మేనమామ వచ్చి కూర్చుని, ఇది పోయిన జన్మలో చేసుకున్న పాపమని తేల్చాడు. ఆంజనేయస్వామి గుడి చుట్టూ తడిబట్టలతో తిప్పండి, తర్వాత పెళ్ళి చెయ్యండి అన్నాడు. ఆయనకు ప్రార్థనవాళ్ళంటే పడదు, వాళ్ళకు ఈయన భజనంటే పడదు. ఈ ఒక్క రోగానికి మాత్రం ఇద్దరిదీ ఒకటే మందు, ఎవరి కడుపునో పుట్టిన ఆడపిల్ల.

“ఆ పిల్ల ఏం పాపం జేసింది మామా?” అన్నాను.

“కడుపుతోటి ఉన్నదానివి, నీకెందుకు ఈ ముచ్చట్లు” అన్నాడు.

నాగర్‌కర్నూల్ వాళ్ళు చల్లగా తప్పుకున్నారు. మాట అంతదూరం పాకిందన్నమాట. వీధిలో మా తమ్ముడు పోతుంటే వెనక నుంచి చప్పట్లు కొట్టేవాళ్ళు. వాడు గుళ్ళో తిరిగాడు, తిరగమన్నన్ని సార్లూ తిరిగాడు, ఏం మారలేదు. మా నాయన కంచం ముందు కూర్చుని వాణ్ణి చూసి తినకుండా లేచిపోయేవాడు. ఒక్కోసారి చెయ్యి చేసుకునేవాడు. వాడు గుంతలో దిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుడిపక్క ఖాళీగా ఉన్న చోటు చూస్తూ కూర్చునేవాడు.

మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. దాన్ని అట్లా వదిలెయ్యడానికి లేదు. చివరికి మా నాయనే కుడివైపు కూర్చున్నాడు. ఆయన పేరున్న పనివాడు. కానీ కొడుకు చెయ్యి తగలకూడదని ఒదిగి ఒదిగి కూర్చుని నాడె వేశాడు. అదెట్లా కలుస్తుంది? సగం చీరదాకా అంచు అతుక్కుని ఉంది, అక్కణ్ణుంచి పైటకొంగుదాకా సన్నటి సందులు. షావుకారు చీర పట్టుకుని వెలుతురుకు పెట్టాడు. ఈసారి మాట్లాడాడు. చీర తిరిగి ఇంటికి వచ్చింది, మా అమ్మ పెట్టెలో పడింది.

ఇంతవరకూ మా అమ్మ నోరు విప్పలేదు. ఆమె తక్కువ మాట్లాడే మనిషి. ఏటా రాయచూరు వైపు నుంచి ఎల్లమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మవారికి అంకితమైన ఒక ముసలి జోగమ్మ మా వీధికి వచ్చేది. ఆ ఏడు వచ్చి, మగ్గం గుంతలో ఊరికే కూర్చున్న మా తమ్ముణ్ణి చూసింది. మా అమ్మ ఆమెకు అంతా చెప్పుకుని ఏడ్చింది.

“ఇదు అమ్మన ఆట తల్లీ” అంది ముసలామె, కన్నడమూ తెలుగూ కలిపి. “వీని తప్పు లేదు. అమ్మ వీన్ని కోరుకుంది. అందుకే ఆడోళ్ళ మీద మనసు పోతలేదు. అమ్మ పేర ముత్యాలు కట్టు, చీర కట్టు. మళ్ళ వీని మీద చెయ్యి లేపేటోడెవడో చూస్త.”

ఇక్కడ నేను న్యాయంగా చెప్పాలి. పాస్టరు పాపమన్నాడు, మామ పాపమన్నాడు, మా నాయన నోటితో చెప్పలేని మాటలన్నాడు. వీని తప్పు లేదని అన్నది ఆ ముసలామె ఒక్కతే. మా అమ్మ ఆ మాట పట్టుకుంది. “తప్పు లేదంట బిడ్డా, నా కొడుకుది తప్పు లేదంట” అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. అన్ని నెలల్లో ఆమె మొహం తేటపడింది ఆ రోజే.

నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. “చీర కట్టుకుంటెనే పానం కుదుటపడేటోళ్ళు ఉంటరమ్మా. ఆ జోగమ్మ వెంట వచ్చేటోళ్ళల్ల నేను చూసిన. వాళ్ళకు గది గావాలె. వీడు గట్ల గాదు. వీడు మగోడే. వీనికి తోడు మగోడే గావాలె, అంతే.”

“నీకు తెల్వదు, ఊకో. కట్టకపోతె మీ నాయన చేతుల సస్తడు వాడు.”

మా తమ్ముడు కూడా చెప్పాడు. “అమ్మా, నాకు చీర నేసుడే తెలుసు. కట్టుకునుడు నాతోని గాదు.” మా అమ్మ వాడి కాళ్ళ మీద పడింది. వాడు ఆమెను లేపి, “నీ ఇష్టం” అన్నాడు.

ఒక మంగళవారం వాగులో స్నానం చేయించి, వేపరొట్ట చుట్టి, పసుపు పూసి ముత్యాల దండ కట్టారు. చీరకని మా అమ్మ పెట్టె తెరిస్తే పైన ఉన్నది ఆ తిరిగొచ్చిన చీరే. ఎట్లాగూ అమ్ముడుపోదని దాన్నే తీసింది. కుచ్చిళ్ళు నేనే పెట్టాను, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు వాడు. వాళ్ళిద్దరూ కూర్చుని నేసిన సగం కుచ్చిళ్ళలోకి వచ్చింది. మా నాయన నేసిన సగం పైటైంది. కోపంతో కుచ్చిళ్ళు బిగించి దోపాను. వాడు మాత్రం పిల్లవాడు చొక్కా తొడిగించుకుంటున్నట్టు నిలబడ్డాడు.

మర్నాడు మా నాయన వాడికి దండం పెట్టాడు. దొంగ దండం కాదు, భక్తితోనే పెట్టాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు కాళ్ళు మొక్కి పసుపు పెట్టించుకున్నారు. మా అమ్మ గెలిచింది, నా తమ్ముడు బతికాడు. కానీ ముత్యాలు కట్టిన మనిషి గుంతలో కాలు పెట్టకూడదట. మంగళవారం, శుక్రవారం ఇంటింటికీ జోగు అడుక్కోవడానికి పోవాలి. వాడికి తెలిసిన ఒక్క పనీ పోయింది. మగ్గం అట్లాగే బూజుపట్టి ఉంది. నా బిడ్డ పుట్టి, నేను వనపర్తికి వచ్చేశాను.

కొన్నేళ్ళకు వనపర్తి వైపు ఒక ఊళ్ళో ఎల్లమ్మ జాతరకు మా వాళ్ళు తమ్ముణ్ణి తీసుకొచ్చారు. నేనూ వెళ్ళాను. వాణ్ణి గుడి ముందు గద్దె మీద కూర్చోబెట్టారు, అదే చీరలో. జనం వరుసకట్టి వస్తున్నారు, కాళ్ళకు మొక్కుతున్నారు, వాడు నుదుట పసుపు పెడుతున్నాడు. ఆ వరుసలో అతను కనిపించాడు. కొంచెం లావయ్యాడు. పక్కన భార్య, చంకలో ఆడపిల్ల. ప్రార్థనకు పోతూనే, బిడ్డకు జ్వరం తగ్గకపోతే ఆమె ఎల్లమ్మకు మొక్కుకుందట. గద్దె మీద ఎవరున్నారో అతనికి దగ్గరికి వచ్చేదాకా తెలిసినట్టు లేదు. వెనక జనం తోస్తున్నారు, తిరిగి పోవడానికి లేదు.

భార్య బిడ్డను మా తమ్ముడి ఒళ్ళో పెట్టింది. అతను వంగాడు. పాదాల మీద పడి ఉన్నది కుడి అంచే. అతని చెయ్యి పాదాల మీద కాక ఆ అంచు మీద ఆగింది. బొటనవేలితో ఆ కలిసిన చోటు తడిమాడు. తన చేతి పని ఎవరికి తెలియదు? తలెత్తాడు. మా తమ్ముడు పసుపు చెయ్యి అతని నుదుట పెట్టి, మళ్ళీ తియ్యలేదు.

వాడు ఏడుస్తున్నాడు. ఒళ్ళంతా కదిలిపోతూ, నోట్లో నుంచి శబ్దం రాకుండా ఏడుస్తున్నాడు. అది నాకు తెలుసు, అతనికి తెలుసు. మిగతా అందరికీ మాత్రం అమ్మ ఒంటిమీదికి వచ్చినట్టు కనిపించింది. డప్పులు ఊపందుకున్నాయి. ఎవరో పసుపునీళ్ళు కుమ్మరించారు. అతని భార్య గబుక్కున బిడ్డను లాక్కుంది. “వానలెప్పుడు పడతయ్ తల్లీ” అని ఒకరు, “నా కొడుకు ఎప్పుడొస్తడు తల్లీ” అని ఒకరు. నేను జనాన్ని తోసుకుని వెళ్ళబోతే ఆడవాళ్ళు నన్ను పట్టుకున్నారు, అమ్మ ఉన్నప్పుడు ముట్టగూడదని.

మా నాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు జోడించి, పూనకం వచ్చినప్పుడు ఇంటిపెద్ద అడగాల్సిన మాట అడిగాడు. “మేం ఏం తప్పు జేసినమో చెప్పు తల్లీ. నీకేం గావాలె?”

డప్పులు ఆగాయి. మా తమ్ముడు ఆయన మొహంలోకి చూశాడు. ఆ ఇంట్లో వాణ్ణి ఆ మాట అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

“నాకు నా మగ్గం గావాలె” అన్నాడు. “నన్ను గుంత కాడికి తోల్కపోండ్రి.”

“అట్లనే తల్లీ” అన్నాడు మా నాయన, కళ్ళనీళ్ళతో.

వెనక్కి చూస్తే అతను లేడు. వాళ్ళ బస్సుకు వేళైనట్టుంది.

మా నాయన మాట తప్పలేదు. గద్వాలకు తిరిగి పోయాక వారంలోనే మగ్గం విప్పించాడు. అమ్మ ఆ చోటు కోరిందని ఊరంతా చెప్పి, ట్రాక్టరుతో ఎర్రమట్టి తెప్పించి గుంత నింపాడు. దాని మీద గద్దె కట్టించి, ఎల్లమ్మ పటం పెట్టాడు. నేను వచ్చేసరికి సున్నం కూడా ఆరిపోయింది. “నీ కొడుకు గొంతు గూడ గుర్తువట్టలేదా నాయనా” అని అరిచాను. ఆయన లెంపలు వేసుకున్నాడు, నా తరఫున, పటం వైపు తిరిగి.

ఇప్పుడు మంగళవారాలు మా తమ్ముడు ఆ గద్దె మీదే కూర్చుంటాడు. అడిగినవాళ్ళకు పసుపు పెడతాడు. నాతో మామూలుగానే మాట్లాడతాడు, పిల్లల సంగతులు అడుగుతాడు. కుడిపక్కన మాత్రం ఎవరినీ కూర్చోనివ్వడు. అమ్మ ఆజ్ఞ కాబోలనుకుని, వచ్చినవాళ్ళు ఆ చోటు వదిలేసి కూర్చుంటారు.