వేలికి బదులు పూవు

"దక్షిణాఫ్రికా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, ఆమెను చేలూరు వైపు తీసుకుపో" అని బెంగుళూరులో ఉండే మా చెల్లెలు ఫోన్ చేస్తే, నిజం చెప్పొద్దూ, నాకు విసుగే వచ్చింది. ఎండాకాలంలో ఆ దారిన బస్సు ప్రయాణం ఎట్లుంటుందో కారులో తిరిగే దానికేం తెలుసు? కానీ ఆ పెద్దావిడ, సుశీలమ్మ, చిక్కబళ్ళాపురంలోని మా ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ తన గోడు చెప్పుకున్నాక నా విసుగు ఎటు పోయిందో పోయింది.

ఆమె ముత్తాత చింతామణి వైపు పల్లె నుంచి ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకు కూలికి పోయాడట. వాళ్ళ ఇళ్ళలో బిడ్డకు చెవులు కుట్టే ముందు తల్లి వేలికి పూవు కట్టి, దాన్ని లాగి తీసి, దేవుడి ముందు పెడతారు. అసలు ఇవ్వాల్సింది వేలి కొస అనీ, ఓడెక్కినవాళ్ళే భయపడి పూవుతో సరిపెట్టారనీ ఇంట్లో ఒక మాట. దేవుణ్ణి మోసం చేశామేమోనని ఆమె తల్లి కన్నుమూసేదాకా కుమిలిపోయింది. ఇప్పుడు మనవరాలికి చెవులు కుట్టాలి. ఇది శాస్త్రంలో లేదని అక్కడి పురోహితుడు అన్నాడట, కూతురేమో మానేద్దామంటోంది. చేయాలా, మానాలా? అది తేల్చుకోవడానికే ఇంత దూరం వచ్చింది.

చేలూరు దగ్గరి పల్లెలో నాకు పెద్దమ్మ వరసయ్యే నారాయణమ్మ ఇంట్లో ఇట్లాంటిదే ఏదో చేసేవారని నాకు లీలగా గుర్తు. ఆ గుర్తును నమ్ముకుని ఉదయం ఏడింటికి బాగేపల్లి బస్సెక్కాం. కర్ణాటకలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి, ఆధార్ చూపించిన నాకు ఉచిత టికెట్ వచ్చింది. సుశీలమ్మ డబ్బులు తీసింది.

"నీ ఆధార్ యాడమ్మా?" అన్నాడు కండక్టరు.

"నాకు లేదప్పా. నేను సముద్రం అవతల ఉండాను."

"మాట చూస్తే మా చేలూరు మాట, ఆధార్ లేదంటాండావే!" అని నవ్వుకుంటూ టికెట్ చింపాడు.

ఎనిమిది దాటాక బాగేపల్లిలో దిగి స్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాం. చట్నీలో కారం నాకే ఎక్కువైంది, ఆమె మాత్రం రెండోసారి పోయించుకుంది. తొమ్మిదింటి చేలూరు బస్సులో ఖాళీ టమేటా క్రేట్లతో ఒక రైతు మా పక్కన కూర్చున్నాడు. ఆయన ఊరి గుడి గురించి అడిగాను.

"పాళెగాడు మాన్యం ఇచ్చె, నవాబు మనుషులు తీసుకొనిరి, మైసూరు రాజు సగం తిరిగిచ్చె, తెల్లదొర కొలిపించి పన్నేసె. ఇప్పుడు పూజారి కొడుకు సెల్ అంగడి పెట్టుకోనుండాడు" అన్నాడు. ఇంత చరిత్రను ఇంత తక్కువ మాటల్లో నేనెప్పుడూ వినలేదు.

పదకొండుకు నారాయణమ్మ ఇల్లు చేరాం. ఎనభై దాటిన మనిషి, వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. సుశీలమ్మ అడగవలసింది అడగడానికి భయపడి నీళ్ళు తాగుతూ కూర్చుంది. చివరకు నేనే ఆమె ముత్తాత కథంతా చెప్పి అడిగేశాను.

"మన దేవుడు బండిదేవరకు వేలిచ్చే సంగతా?" అంది నారాయణమ్మ. "శివుడు రాక్షసునికి భయపడి చేలో దాక్కుంటే, మన రైతు ఆ రాక్షసునికి వేలు పెట్టి చూపించెనంట. శివునికి కోపమొచ్చి ఆ వేలు ఇయ్యమనె. వేళ్ళు పోతే సేద్యమెట్లని పెండ్లాము అడ్డమొచ్చి తన వేళ్ళిచ్చె. అప్పుట్నుంచీ ఆడవాళ్ళము ఇస్తావచ్చినాము. మా అవ్వకు అవ్వ, ఆమెకు రెండు వేళ్ళకు కొసల్లేవంట."

"మరి పూవు?" సుశీలమ్మ అడిగింది.

"సర్కారు కత్తి వద్దని నిలిపించె. దేవుడు పూవు చాలనె. ఉండేవాళ్ళు బంగారు తీగె చుట్టి లాగుతారు, లేనోళ్ళు పూవు. మీ ముత్తాత ఓడెక్కేటప్పటికే పూవుండాదిలే తల్లీ."

సుశీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మా అమ్మ ఇది వినలేదే" అంది. నాకూ కళ్ళు తడిశాయి. ఆమె గుండెల మీంచి పెద్ద బండ దిగిపోయిందని పక్కనున్న నాకే తెలిసింది.

మధ్యాహ్నం రాగిముద్ద, అనపగింజల పులుసు పెట్టింది నారాయణమ్మ మనవడి భార్య మంజుల. ఒళ్ళో చంటిపాప. "మా ఇంట్లో అది నిలిచిపోయి శానా కాలమాయక్కా. అన్నదమ్ములు తలా ఒక ఊర్లో ఉండారు, కూడేదెట్ల?" అంది. ముసలామె తల దించుకుని ముద్దను కెలికింది.

అప్పుడు సుశీలమ్మ ఫోన్ తీసి, తన తమ్ముడి ఇంట్లో జరిగిన వేడుక వీడియో చూపించింది. పళ్ళెం చుట్టూ ఆడవాళ్ళు, వేలికి చేమంతి పూవు. నారాయణమ్మ ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది. "నాతోనే అయిపాయనుకుంటి కదమ్మా" అని మళ్ళీ పెట్టించుకుంది. మంజుల పాప చెవి తమ్మెను నిమురుతూ చూసింది.

మూడింటి బస్సుకు చింతామణి వైపు తిరిగాం. ఇద్దరికీ కిటికీ పక్కన చోటు దొరికింది. "పూవు కడుతున్నాం" అని కూతురికి మెసేజ్ పెట్టి సుశీలమ్మ హాయిగా నిద్రపోయింది. ఏ ప్రభుత్వమొచ్చినా, ఎంత సముద్రం దాటినా దేవుణ్ణి కాపాడింది ఈ ఆడవాళ్ళ చేతులే కదా అనుకున్నాను.

చింతామణి స్టాండులో బెంగుళూరు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె ఫోన్ మోగింది. వీడియోలో మంజుల, వేలికి మల్లెపూవు. "అక్కా, పాపకు మేమూ చేస్తాము. అలవాటు చేసుకుంటాండాను. ఇట్ల కడితే సరేనా?"

సుశీలమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"బిగువయ్యింది. దారం సడలించు తల్లీ, వేలు నొయ్యకూడదు."